గీత గీసిన చీటీ

మూడో బుధవారం మళ్ళీ
సీసాలోంచి చుక్కలు.
లెక్కపెట్టడం మానేశాను.

ఇంట్లో గ్వాంగ్‌లిన్,
ముప్పై ఏళ్ళు చెంగ్దూ బస్సులు తోలిన చేతులతో
మట్టికుండ కింద మంట తగ్గిస్తుంటాడు.
హువాంగ్‌చీ వేళ్ళు, ఎండు నారింజ తొక్క,
పేరు నోరు తిరగని ఏదో బెరడు.
ముసలి యాన్ ఇత్తడి త్రాసులో
బంగారంలా తూచి కట్టిన పొట్లాలు.

డాక్టర్ ఛూ ఆ చీటీ అడిగింది.
దొంగసరుకులా దాచబోయాడు ఈయన.
ఆమె చదివింది, ఎవరికో ఫోన్ చేసింది,
ఒక పేరు మీద అడ్డంగా గీత గీసింది.
"ఇది నా మందుతో పోట్లాడుతుంది.
మిగతావి తాగనీ, చుక్కలెక్కే రోజుల్లో తప్ప.
గడ్డ సంగతి మాత్రం నాకొదిలేయండి."

యాన్ ఆ గీత చూసి
కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, చాలాసేపు.
తెరిచిన సొరుగు మూసేశాడు.

అప్పట్నుంచీ ఆ కాగితం
ఆసుపత్రికీ అంగడికీ మధ్య తిరుగుతూనే ఉంది
ఈయన చొక్కా జేబులో, నూనె మరకతో.

నాకు మాత్రం అన్నీ ఒకటే.
మా ఊరి మిరియం కూడా నాలుకను తిమ్మిరెక్కించదు.
కషాయం ఉత్త వేడినీళ్ళు.
ముందు తనో గుక్క తాగి మొహం చిట్లిస్తాడు
నా వంతు చేదూ తనే మింగుతున్నట్టు.

నిన్న పొద్దున గిన్నె ఎత్తాను.
"ఛీ, విషంలా ఉంది!"

ఎవరి మందు పనో,
మందు ఆగిన పనో, ఎవరికి తెలుసు.
పిచ్చివాడు, గరిటె పట్టుకునే
మెట్లదాకా పరిగెత్తి
కింద కూరలమ్మే ఆమెకి వినపడేలా అరిచాడు:
చేదట!
దీనికి చేదు తెలుస్తోందట!