కాటా

ముప్పై టన్నుల బొగ్గు లారీని
ఒక్క చూపుల తూచేటోన్ని.
ఈ రాత్రి సిరంజి మీద అర యూనిట్ గీత
టార్చ్ వెలుగుల రెండుగ కనబడుతున్నది.

బల్లార్షాల మే నెల.
పేపర్ మిల్లు వాసన కిటికీలకెల్లి వచ్చి
మంచం మీద కూసుంటది.
కరెంటు పోయి గంటాయె.
ఇన్సులిన్ బుడ్డిని తడిగుడ్డల చుట్టి
రంజన్ కింద ఇసుకల పెట్టిన.
"నా పెండ్లి సొమ్ములకు గూడ
ఇంత కాపలా లేకుండె" అన్నది యమున.

బోక్యా అల్మారా కింద దూరి రాడు.
చంద్రపూర్ల డాక్టర్ వాన్ఖడే
ఆరు పండ్లు పీకి అగ్గిపెట్టెల పోసిచ్చిండు.
నొప్పుంటే చక్కెర ఎక్కుతదట,
తినకుంటే దిగుతదట.
రెండూ ఒక్కసారే అయితే? అన్న.
నా జేబుల కాటా చిట్టీ గుంజుకొని
వెనుక దిక్కు పిల్లి నోరు గీసిండు.
ఎడమకు ఆరు ఇంటూ గుర్తులు, కుట్లు.
కుడికి ఖాళీ.
తింటే సగం మోతాదు.
తినకుంటే సూది ముట్టకు, ఫోన్ చెయ్యి.
మనుషులేసుకునే నొప్పి గోలీ
వాసన గూడ చూపకు.
"మరేల్" అన్నడు.
ఆ ఒక్క మరాఠీ మాటకు
తెలుగు అడగలే నేను.

మొదటి దినం మూడు వందల నలభై.
వెచ్చటి బియ్యం మూటతోని చెవి కొస కాపి
ఒక్క బొట్టు తీసిన, గుండుసూది తలకాయంత.
అప్పు ఎగ్గొట్టినోన్ని చూసినట్టు చూసిండు నన్ను.

రెండో దినం చెంపల మందు చుక్కలు పోస్తే
కండ్లు రూపాయి బిళ్ళలైనయ్.
లేని ఈగెను చూసుకుంట
గోడకు తల రుద్దుకుంట తిరిగిండు.
పక్కింటి సులోచనాబాయి తొంగిచూసి
"మొగిలీ, పిల్లికి దారూ తాపినవా?" అని
నవ్వి, కోడి ఉడికిన నీళ్ళు గిన్నెల పోసి పోయింది.
ముట్టలే.

మూడో దినం సాయంత్రం
ఆ నీళ్ళు రెండు చెంచాలు నాకిండు.
నాకుడును తినుడు అనుకున్న నేను,
సగం ఇచ్చిన.
నాకిందంత మంచం కింద కక్కిండని
చీపురు పెట్టినంక తెలిసింది, రాత్రి రెండింటికి,
వెనక కాళ్ళు పక్కకు ఒరిగినంక.
మళ్ళ చెవి పొడిచిన.
యాభై రెండు.

తేనె చిగుర్లకు రాయాలె.
చిగుర్ల కుట్లున్నయ్.
బొమ్మ ఏది? రేషన్ కార్డుల పెట్టిందట.
దొరికింది.
ఎడమ అంటే పిల్లి ఎడమనా, నా ఎడమనా?
గేటు కాడ ఏడు లారీలు వరుసగ నిలబడి
హారన్ కొట్టినట్టు గుండె.

యమున చిట్టీ దిక్కు చూడనే లేదు.
వాని మొకం చేతుల పట్టుకొని వాసన చూసింది.
"నెత్తురు వాసన ఇటు" అన్నది.
తేనె వేలు అటు చెంపల పెట్టింది.
శానసేపు ఏం లేదు.
నాలుక కదిలింది.
ఆ తర్వాత వేలు కొరికిండు,
ఉన్న పండ్లతోని, గట్టిగ.
వేలు వెనుకకు తియ్యలే ఆమె.
"కొరుకు, కొరుకు" అన్నది.

పావుగంటకు తొంభై.
డాక్టర్ తెల్లారినంక ఫోన్ ఎత్తిండు,
తిట్టిండు, ఆఖరుకు
"పరవాలేదు, ఇయ్యాల సూది వద్దు" అన్నడు.

పొద్దటి షిఫ్టుల, లారీలు రాకముందు
అగ్గిపెట్టె తీసుకపోయి
కాటా నడిమిట్ల పెట్టిన.
సున్న.
తీసి మళ్ళ పెట్టిన.
సున్న.
ఇరవై కిలోల కింద
దానికి లెక్క లేదని నాకు ఎరుకే.
పదకొండేండ్ల సంది ఎరుకే.

వెనుక హారన్.
"క్యా హువా మొగిలీభావ్, కాటా బంద్?"
"చాలూ హై" అన్న.
అగ్గిపెట్టె అంగి జేబుల వేసుకొని
చిట్టీ చింపిన,
వెనుక దిక్కు తిప్పి చూసి,
ఏ బొమ్మా లేకుంటే
ఇచ్చిన.