తొట్టి జరిపిన రోజు

వేల్స్ అంచున నెస్టా పొలం వెనక
పన్నెండు వందల ఏళ్ల మట్టికట్ట.
ఏ రాజు ఎవరికి భయపడి పోయించాడో
గొర్రెలకి తెలీదు. నెస్టాకీ అంతే.

వాళ్ల నాన్న ఏటా ఒక్కో చాలు
కట్టలోకి నాగలి జరిపేవాడు.
గట్టు చెక్కుకోవడం ఏ దేశంలోనైనా
చప్పుడు లేని పనే.

ఈ చలికాలం నీళ్లతొట్టి దగ్గర
గొర్రెలు ఒళ్లు రాసి రాసి
కట్ట డొక్క చీలింది.
ఎర్రమన్నులో ఒక బొగ్గుముక్క:
తవ్వుతూ తవ్వుతూ ఎవరో చలి కాచుకున్నారు.

దాన్ని మళ్లీ లోపలికే నొక్కింది.
పచ్చికగడ్డలు పరిచి ముళ్లకొమ్మలు కప్పింది.
తొట్టి మాత్రం కదల్లేదు.

ఇంగ్లండు వైపు నుంచి లెనర్డ్ తొంగిచూశాడు:
"ఇంకా ఎవర్ని ఆపడానికమ్మా ఇదంతా?"

"నిన్నే.
ముందు చుట్టూ తిరిగొచ్చి, కట్ట తొక్కకుండా,
ఆ రెండో కొస పట్టు."