సుద్దముక్క లెక్క

దేవరకొండ డిపో గేటు పక్కన ఒక నల్లబోర్డు.
పొద్దుగాల నాలుగున్నరకు,
ట్యూబులైటు కింద పురుగులు ముసురుకుంటుంటె
క్లర్కు నర్సిరెడ్డి సుద్దముక్క పట్టుకొని
మా పేర్లకెదురుంగ మా కుడికాళ్ల జాతకం రాస్తడు:
లీటరుకు ఎన్ని కిలోమీటర్లు.

జహంగీర్ సాబు, ఐదు పాయింటు ఎనిమిది.
కేతావత్ లచ్చిరాం, నాలుగు పాయింటు మూడు.
లచ్చిరాం అంటె నేనే.
నా అంకెకు ఎర్ర సుద్ద.

మేనేజరు నన్ను పిలిచి తిట్టలే.
సాబును తెచ్చి నా బండిల
బానెటు పక్కన కూసుండవెట్టిండు.

శ్రీశైలం సర్వీసు.
దిండి దాక మాట లేదు.
కండ్లు మూసుకున్నడు, నిద్రవోయిండనుకున్న.
"గేరు" అన్నడు మెల్లగ.
"ఇంజను ఎప్పుడో అడిగింది. నువ్వినలే."

మల్ల నిశ్శబ్దం.
ముంగట రోడ్డుకడ్డంగ బర్ల మంద.
"చూసినవా?"
"చూసిన."
"మరి కాలింక తొక్కుతనే ఉందేంది?
ఆగేదుందని తెలిసినంక ఉరుకుడెందుకు?
డీజిలు పెట్టి కొన్నవు ఆ ఉరుకుడు,
లైనర్లకు రాసి బుగ్గి చేస్తున్నవు."
కాలు తీసిన.
బండి తనంతల తానే మెత్తవడ్డది.
మేం పొయ్యేసరికి
ఆఖరి బర్రె తోక ఊపుకుంట రోడ్డు దిగింది.
బ్రేకు తొక్కే పనే వడలే.

మన్ననూరుల చాయ్.
బండి డుగడుగ కొట్టుకుంటనే ఉంది.
"మనం తాగంగ దానికెందుకు పొయ్యాలె? ఆపు."
ఎనక టైరు మీద కర్రతోని ఒక్కటి కొట్టి
చెవి పెట్టి ఇన్నడు, వైద్యుని లెక్క.
"గాలి తక్కువుంది.
తడిసిన గొంగడి కప్పుకొని నడుస్తుంది పాపం."

దోమలపెంట దాటినంక దిగుడు.
తెలివి చూపిద్దామని నేను న్యూట్రల్ చేసిన.
అప్పుడు తెరిచిండు కండ్లు.
నా చెయ్యి మీద చెయ్యేసి
గేరు మల్ల లోపటికి తోసిండు.
"ఇది పొదుపు గాదు లచ్చిరాం.
ఎనక యాభైమంది పానాలు అప్పు తెచ్చుకునుడు.
గేర్ల ఉంచి కాలు తియ్యి,
ఇంజనే పట్టుకుంటది,
పైస అడగది."
కింద కృష్ణ, ఎండకు మెరుస్తుంది.
నా చెయ్యి ఇంక వణుకుతనే ఉంది.

తిరుగుబాటల ఎక్కుడు.
సీట్లు నిండినయ్, నిలవడ్డోళ్లు ఇరువైమంది.
ఊపు పోకుంట,
తొక్కీ తొక్కనట్టు ఎక్కిస్తున్న.
మలుపుకాడ ఒక చెంచామె చెయ్యెత్తింది,
సంకల పిల్ల, పిల్ల నెత్తికి తడిగుడ్డ.
స్టాపు గాదది. ఎక్కుడు నడిమి.
నేను సాబు మొకం చూసిన.
"నా మొకంల ఏమన్న రాసుందా? ఆపు."
ఆమె ఎక్కింది.
ఫస్టు గేరుల బండి ఏడ్చుకుంట కదిలింది.
ఆ ఏడుపుకు బోర్డు మీద గడి లేదు.

నాలుగు పాయింటు ఆరు.
నాలుగు పాయింటు తొమ్మిది.
వానకాలంల మల్ల పడ్డది.
ఐదు దాటిననాడు నర్సిరెడ్డి
తెల్ల సుద్ద ఎతుక్కునుడు చూసి నవ్వొచ్చింది.
ఇంట్ల మా బూలి తిట్టినా
ఇప్పుడు నేను రేసు పెంచుతలేను,
కాలు తీసి ఊకుంటున్న.
దానికింక కోపమొస్తుంది, అది వేరే ముచ్చట.

జూన్ల సాబు రిటైరయిండు.
బోర్డు మీద ఆ పేరు తుడిచిన జాగ
ఇంక తెల్లగ మసకగనే ఉంది.

మొన్న ఖిల్లా దిక్కు పోతుంటె కనవడ్డడు.
పాత సైకిలు, హ్యాండిలుకు గోంగూర కట్టలు.
ఇల్లు ఇంక నలభై గజాలుండంగనే
కాళ్లు తొక్కుడు బంజేసిండు.
చక్రం టిక్కుటిక్కుమనుకుంట
పిలిచిండని నిలవడ్డ పిలగానిని దాటి,
మోరి మీద బండను దాటి,
సక్కగ గడప ముంగటికొచ్చి
అలిసిన పిట్ట వాలినట్టు ఆగింది.
కాలు కిందవెట్టిండు.

దగ్గరికి పోయి సలాం చేసేటప్పుడు చూసిన:
ఆ సైకిలుకు బ్రేకులే లేవు.