పురి

హూలియాకా ఆసుపత్రికి రాత్రి పదకొండింటికి
బంగాళదుంపల లారీలో వచ్చాడు ఫ్లోరెంతీనో.
ముందు పొట్ట దిగింది, తర్వాత మనిషి.
మూడు రోజులుగా బయటికేమీ పోలేదు,
గాలి కూడా.
వేలితో తడితే డప్పులా మోగింది.
సిగ్గుపడి, టోపీ తీసి పొట్టమీద పెట్టుకున్నాడు.

నేను రాత్రి నర్సుని.
పంతొమ్మిదేళ్లుగా ఈ ఎత్తులో కడుపుల మాట వింటున్నాను.
ఇక్కడ బయటి గాలి పలచన,
లోపలి గాలి అందుకే ఉబ్బుతుందంటారు.
బార్లీ, మంచులో ఎండిన దుంప, చిక్కుడు గింజలు
తరతరాలుగా తిని తిని
మావాళ్ల పెద్దపేగు పొడుగు సాగిందనీ అంటారు.
మొలలున్నవాళ్లు కుర్చీ చూపిస్తే వద్దంటారు.
ఉండుకం వాచినవాళ్లు కుడికాలు ముడుచుకుని వస్తారు.
రక్తం పడుతోందని చెప్పడానికి
ఒక టీచరమ్మ మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి
తలనొప్పి మాత్రలు అడిగి వెళ్లిపోయింది.
నాలుగోసారి చెప్పింది.
అప్పటికే ఆలస్యమైంది.

ఎక్స్‌రేలో ఇంత లావు కాఫీగింజ.
డాక్టర్ ఒర్దోన్యెస్ గాలిలో వేలితో గీస్తూ చెప్పాడు:
పెద్దపేగు కుడిపక్కన పైకెక్కుతుంది,
కాలేయం కింద మలుపు తిరిగి అడ్డంగా నడుస్తుంది,
ఎడమపక్కన దిగుతుంది,
అడుగున ఒక వంపు తిరిగి పురీషనాళంలో పడుతుంది.
ఆ వంపు మరీ పొడుగైతే, దాని మొదలు మరీ ఇరుకైతే…

భార్య బాసిలియాకి స్పానిష్ సగమే వచ్చు.
నేను అయ్‌మారాలోకి మార్చేలోపే
నడుం దగ్గరి కదురు తీసింది.
ఉన్నిదారానికి ఇంకాస్త పురి ఎక్కించి
వదులు చేసింది.
దారం తన మీదే తాను పడి
ముడిలా చుట్టుకుపోయింది.
"ఇదేనా?"
డాక్టర్ వేలు గాలిలోనే ఆగిపోయింది.

కింది నుంచి గొట్టం పంపారు.
ముందు ఏమీ లేదు. తర్వాత
పాత బస్సు బ్రేకు వదిలినట్టు ఒక నిట్టూర్పు,
దాని వెనక వరద.
నా గౌను, డాక్టర్ బూట్లు, గోడ.
మా ముగ్గురికీ కళ్లు మండుతుంటే
ఫ్లోరెంతీనో నవ్వాడు.
ఆ మొహంలో అంత వెలుగు
పెళ్లినాడైనా ఉండి ఉంటుందా!

కానీ ఒకసారి మెలికపడ్డ వంపు ఊరుకోదు.
రెండోనాడు కోసి, ఆ పొడుగు తీసేసి
రెండు కొసలూ కలిపి కుట్టారు.
తీసినదాన్ని చూపించమంది బాసిలియా.
పళ్లెంలో పెట్టి తెచ్చాను.
జానలతో కొలిచింది, ముట్టుకోకుండా, పైపైనే.
రెండున్నర.
"ఏ వైపు తిరిగింది?" అంది.

పోయి అడిగాను.
డాక్టర్ నవ్వాడు, తర్వాత ఆలోచించాడు,
తర్వాత చెయ్యి తిప్పి చూపించాడు.
ఆ రాత్రంతా వరండా చలిలో కూర్చుని
ఆవిడ రెండోవైపుకి వడికింది.
మా అమ్మమ్మ ఇంట్లో అలాంటి దారం ఒకటుండేది,
బాలింతల మణికట్టుకి కట్టేవారు.
నర్సు చదువులో దాన్ని మర్చిపోవడం నేర్చుకున్నాను.

మూడో తెల్లవారు, నాలుగుంబావు.
వార్డంతా వినేలా
ఫ్లోరెంతీనో దుప్పటి కింద ఒక్క మాట.
పక్కమంచం ముసలాయన శిలువ వేసుకున్నాడు.
కేసు కాగితంలో రాశాను:
వాయువు వెడలింది. పేగు కదులుతోంది.
బాసిలియా దారం పళ్లతో తెంపి
మొగుడి చీలమండకి కట్టింది.
రౌండ్స్‌లో డాక్టర్ దుప్పటి ఎత్తి చూశాడు,
ఏమీ అనకుండా దించాడు.

ఇంటికెళ్లే బస్సులో నా కడుపు గుర్రుమంది.
చుట్టూ జనం. అలవాటుగా దగ్గి
దాన్ని కప్పేయబోయి
ఆగాను.