రెండు కోకల గాలి

ఆటో వెనక నుంచి మూడు సంచులు దించాను.
ఏడు, తొమ్మిది, పన్నెండు.
చదరపు మీటర్లు తాతా, అన్నాను.
పెంటయ్య తాత వలకి సీసం గుళ్లు ఎక్కిస్తూ
తలెత్తకుండానే,
"మీటర్లు నాకేం తెలుసు, కోకల్లో చెప్పు."

ఇసుక మీద వేలితో లెక్క కట్టాను.
ఒక కోక ఆరు, కొంగు దగ్గర కాస్త అటూ ఇటూ.
అంటే పన్నెండు రెండు కోకలు,
తొమ్మిది కోకన్నర,
ఏడు ఒక కోకా, దాని జాకెట్టు ముక్కా.

"మా నావ చాప అయిదు కోకలు," అన్నాడు.
"మా ఆవిడవీ, మా వదినవీ, ఒకటి అడుక్కున్నదీ.
నీలం అంచు నడిమధ్యలో కనపడేది.
గాలి ముదిరితే సగం చుట్టేసేవోళ్లం.
నీ పటం చుట్టడానికి లేదుగా?"

లేదు.
అదే దీంతో చిక్కు.
ఒడ్డున నిలబడి, ఒళ్లింకా పొడిగా ఉండగానే
ఇంకా వీచని గాలికి కొలత తీసుకోవాలి.

శివరాత్రి వెళ్లి పదిరోజులు. ఎస్.యానాం. మధ్యాహ్నం రెండు.
అరచేతిలో మీటరు పద్నాలుగు నాట్లంది,
పదహారంది, ఇరవై దాకా ఎగిరి
పదమూడు దగ్గర కూలబడింది.
ఓడలరేవు వైపు గ్యాసు మంట సగానికి వంగి ఉంది.
అలల మీద అక్కడొకటి ఇక్కడొకటి తెల్ల పళ్లు.
ఎండేసిన వల అంచు ఎగరడం లేదు,
ఊరికే కదులుతోంది.

రాజోలు నుంచి వచ్చే క్యాషియర్ వీర్రాఘవులు గారు
అప్పటికే పన్నెండు లేపి ఈడ్చుకుంటూ పోతున్నారు.
ఆయన తొంభై రెండు కిలోలు.
నేను యాభై మూడు, తడిబట్టలతో కలిపి.
కిందటేడు ఆయన్ని చూసి నేనూ పన్నెండు విప్పాను.
ఒక్క విసురుకి గాల్లోకి లేచి
ఎర్రపీతల బొరియల మీదుగా
నలభై గజాలు మొహంతో ఇసుక దున్నాను.
అన్నంలో రాయి తగిలితే
ఇప్పటికీ ఆ పన్నెండే గుర్తొస్తుంది.

అందుకని తొమ్మిది.
గాలిని చూసి కాదు, పంటిని చూసి.

పంపు కొట్టాను. గొట్టం బిగిసి, వేలితో మీటితే
మద్దెలలా పలికింది.
రెండు చుట్లు బాగానే సాగింది,
మొగ వైపు, గోదారి నీళ్లు రంగు మార్చుకునే గీత దాకా.
తర్వాత పైరగాలి
మాట మధ్యలో లేచి వెళ్లిపోయిన మనిషిలా
ఆగిపోయింది.
పటం నడుం విరిగి, మెల్లగా,
ఉతికిన బట్ట పరిచినట్టు నీళ్ల మీద వాలింది.
చూస్తే వీర్రాఘవులు గారి రెండు కోకలూ
నాకంటే ముందే మునిగాయి.
ఆయన ఫోన్ చేసి బండి పిలిపించుకున్నారు.
నేను నడిచాను.

రెండు కిలోమీటర్లు, భుజం మీద తడి పటం,
చంకలో బల్ల.
దారిలో అలివి వల లాగుతున్నారు.
"ఆ గుడ్డ అక్కడ పడేసి తాడు పట్టమ్మా," అంది సంగాని నూకాలు,
నా అవతారం అడగకుండా.
పటం మీద నాలుగు దోసిళ్ల ఇసుక పోసి వెళ్లాను.
వాళ్ల నడుములకి పాత తాడుముక్కలు,
నా నడుముకి స్టీలు కొక్కెం.
తాడుకి తగిలించి వెనక్కి వాలాను.
గాలి లాగినట్టే లాగింది వల,
కాకపోతే మధ్యలో మానేయలేదు.
నా యాభై మూడూ ఎక్కువా తక్కువా
ఎవరూ అనలేదు.
వాటా పదకొండు కవళ్లు.

తిరిగొచ్చేసరికి పొద్దు నాలుగు వేళ్ల ఎత్తున ఉంది.
చెవి దగ్గర ఏదో కదిలింది.
మీటరు తీశాను: పదకొండు, పదకొండు, పన్నెండు,
నిలకడగా, తొందర లేకుండా.
అచ్చంగా రెండు కోకల గాలి.

పన్నెండు సంచి మీద తల పెట్టుకుని
పెంటయ్య తాత నిద్రపోతున్నాడు, నోరు కొంచెం తెరిచి.
లాగాలంటే ఆ తల లేపాలి.

కవళ్లు ఆయన పక్కన గోనె మీద పెట్టి
ఏడు మీద కూర్చున్నాను.
వల అంచు ఎగురుతోంది.