సోడా డబ్బా మూత

పీతల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి
ఐదింటికొచ్చి మంచమ్మీద వాలాను.
వేళ్ళ సందుల్లో ఇంకా ఉప్పు మంట.
కిటికీ అవతల అఖాతంలో
మంచుపలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.
మే నెల వచ్చిందని
న్యూఫౌండ్‌లాండ్‌కి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఆరున్నరకి వంటింట్లో దీపం వెలిగింది.
తలుపు కింది సందులోంచి సన్నటి పసుపు గీత
నా చెప్పుల దాకా వచ్చి ఆగింది.
"ష్... అమ్మ లేస్తుంది" అన్నాడు గార్లండ్,
లేపడానికి సరిపోయేంత గట్టిగా.
వాడికి పదకొండు. వెర్నాకి ఐదు.

మా గోడలు చెక్కవి, పలచన.
కళ్ళు మూసుకుంటే మరీ పలచన.
కుర్చీ ఈడ్చిన చప్పుడు. పై అరలోంచి ఓట్స్ డబ్బా దిగింది.
ఫ్రీజర్ తెరుచుకుంది. గడ్డకట్టిన బెర్రీలు
గిన్నెలో గులకరాళ్ళలా మోగాయి.
సెప్టెంబరులో బోడికొండ మీద
గాలికి నడుం వంచి ముగ్గురం కోసినవి,
ఎర్రటి పార్ట్రిడ్జ్ బెర్రీలు,
నోట్లో వేసుకుంటే ఒక కన్ను దానంతటదే మూసుకుపోతుంది.
వెర్నా ఒకటి వేసుకుంది.
ఎలా తెలుసంటే,
దాని కబుర్లు మధ్యలో తెగిపోయాయి.

ఇప్పుడు కార్డు చదువుతున్నాడు.
డల్సీ పిన్ని చేతిరాత,
మొలాసిస్ మరకల్లో సగం మునిగిపోయింది.
"ఓట్స్, రెండు గుప్పిళ్ళు."
"ఎవరి గుప్పిళ్ళు?" అంది వెర్నా.
పిన్నిది నలభయ్యేళ్ళు కాడ్ చేపలు చీల్చిన చెయ్యి,
తెడ్డంత ఉండేది.
కాసేపు ఏ చప్పుడూ లేదు.
"నావి మూడు, నీది ఒకటి" అని తీర్పు చెప్పాడు.
దుప్పట్లో నా పిడికిలి
నేనూ ఒకసారి మూసి చూసుకున్నాను.

గుడ్డు పగిలింది. పెంకు పడింది.
"వేలితో కాదే, పెంకుతో తియ్యాలి పెంకుని."
అది నా మాట. నా విసుగుతో సహా.
ఆపిల్ తరుగుతున్నాడు, ఆ కొత్త కత్తితోనే.
టక్.
ఊపిరి ఉగ్గబట్టాను.
టక్.
ఏడుపు వినపడలేదు గనక
వేళ్ళు పదీ ఉన్నట్టే లెక్క.

అన్నీ విన్నాను, ఒక్కటి తప్ప.
సోడా డబ్బా మూత.
తుప్పు పట్టి, తీస్తే
కాలికింద పడ్డ కోడిపిల్లలా కీచుమంటుంది.
వినపడలేదంటే తియ్యలేదనే.

మాట నాలుక చివరిదాకా వచ్చింది.
పధ్నాలుగేళ్ళప్పుడు నా వెనకాలే నిలబడి
పిన్ని అన్నీ అరిచి చెప్పేది.
నేను నేర్చుకున్నది ముందుగా ఒకటే,
మాటిమాటికీ వెనక్కి చూడడం.
గుటకేసి ఊరుకున్నాను.
పోనీ, ఒడ్డున పలకరాళ్ళలా వస్తాయి.
పళ్ళున్నాయిగా.

ఓవెన్ తలుపు పడింది. టైమరు గిర్రుమంది.
కునుకు పట్టబోతుండగా,
"ఉండు ఉండు ఉండు!"
కార్డు మీది మరకని గోటితో గీకుతున్న గరగర.
తర్వాత
కీచుమని.
హమ్మయ్య అని పైకే అన్నానేమో, భయమేసింది.
రేకు బయటికొచ్చింది, చెంచా గీరింది,
పిండంతా మళ్ళీ గిన్నెలోకి.
"పింక్ అయిపోయింది!" అని వెర్నా అరుపు.
"ష్..." అన్నాడు, ఇంకా గట్టిగా.

ఎనిమిదింటికి ఆవలిస్తూ వెళ్ళాను.
ఆ ఆవలింత మాత్రం నిజం.
బల్ల మీద పదకొండు మఫిన్లు,
ఏ రెండూ ఒక ఎత్తు లేవు.
పన్నెండో గుంతలో నీళ్ళు.
"ఖాళీగా పెడితే రేకు వంకరపోతుంది" అన్నాడు.
"ఎవరు చెప్పారు?"
"కార్డు వెనకాల ఉంది."

ఇరవయ్యేళ్ళుగా నా దగ్గరున్న కార్డు.
తిప్పి చూశాను. ఉంది.
పెన్సిల్‌తో, అక్షరాలు ఎగుడుదిగుడుగా.

మఫిన్ బరువుగా ఉంది, అడుగున కాస్త పచ్చి.
మధ్యలో ఒక బెర్రీ చిట్లి
నా కన్ను కూడా మూసుకుపోయింది.
"నిద్ర పట్టిందా?" అని అడిగాడు గార్లండ్.
"మొద్దులా" అన్నాను.
వెర్నా నన్నే చూస్తూ
రెండోది తీసుకుంది.