పసుపు గీత దాటి

పద్నాలుగో స్టేషన్లో నా జాగా
పసుపు గీత నుంచి పసుపు గీత దాకా
ఆరంగల నేల.
తొంభై రెండు సెకన్లకొక బండి
రణస్థలం షెడ్డులో పాకుతూ నా దగ్గరికొస్తుంది.

ఒకటే రకమైతే కునుకు తీస్తూ చేసీవచ్చు.
చిన్న కారు, దాని వెనక డిక్కీ కారు,
దాని వెనక బ్యాటరీది, వైర్లే వైర్లు.
మళ్ళీ చిన్నదే, కానీ స్టీరింగు ఎడమన.
బోనెట్టు మీద అతికిన కాగితం
ఎవరికి ఏ ముడో చెబుతుంది.
నేను చదివేలోపు
చెయ్యి ట్రేలోకి వెళ్ళిపోయుంటుంది.

బ్యాటరీ బండికి నూట పది సెకన్లు కావాలి.
మిగతా పద్దెనిమిదీ ఎక్కడివి?
బండితో పాటే నడుస్తాను,
క్లిప్పులు నొక్కుతూ గీత దాకా, గీత దాటి
పక్క జాగాలోకి రెండంగలు.
"రా ఒలే, నీ జాగా నా జాగా ఏటి?"
గురుగుబెల్లి దమయంతి మోకాలు జరుపుతుంది.
తర్వాత తేలిక బండి వస్తే
పోయిన అంగలు వెనక్కి సంపాదించుకుంటాను.
బరువు వెనక తేలిక రాయడం బెహరా గారి లెక్క.
లెక్క తప్పిన రోజు
అది మా పిక్కల్లో తేలుతుంది.

లావేరులో మా అమ్మ ఉడుపుకెళ్ళేది.
పదకొండు నడుములు ఒక్క వరస.
పాలిచ్చే తల్లి వెనకబడితే
అటూ ఇటూ వాళ్ళు చెరో జానెడు
ఆమె బురదలోకి చెయ్యి చాపి నాటీవోరు.
గట్టు మీది కామందుకి
వరసలో వంకర కనపడీది కాదు.

మొన్న మంగళవారం
మూడు బ్యాటరీ బండ్లు ఒకదాని తోక ఒకటి పట్టుకొచ్చాయి.
మూడోది ఎడమ స్టీరింగు.
నా చెయ్యి అలవాటుగా కుడికి పోయింది.
తాడు లాగితే లైనాగుతుంది,
ఎర్ర దీపం, పేరు, సంజాయిషీ.
తాడు మీద వేళ్ళు పడ్డాయి కూడా.
"బేగి, ఇటు పట్టు!"
దమయంతి ఎదురొచ్చి బండిలో తల దూర్చింది.
ఆమె మరలు నాలుగూ
అవతలి కెల్ల లోవరాజు
తిట్టుకుంటూనే బిగించేశాడు.

అదే పూట అద్దాల వెనక అతిథులు.
"ఎటు కావాలంటే అటు వంగే లైను సార్ ఇది,"
బెహరా గారు చెబుతున్నారు.
మేం ముగ్గురం గొలుసు వైపు చూశాం.
తిన్నగానే ఉంది.
లోవరాజు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

ఆ బండి ఏ దేశానికి వెళ్ళిందో,
అక్కడ రోడ్డుకి ఏ పక్కన నడుస్తారో.
డ్యాష్‌బోర్డు కింద చీకట్లో
కొన్ని క్లిప్పులు నావి, కొన్ని దమయంతివి.
ఏది ఎవరిదో
విప్పి చూపించినా మాకు తెలీదు.